పేదోడి కంచం దగ్గరే లెక్క తప్పుతుందా?

రోజుకు 178 రూపాయలు. దేశంలో ఎక్కడా కూలి ఇంతకు తగ్గకూడదని 2019లో కేంద్రం ప్రకటించిన మొత్తమిది. 2017లో అది 176. రెండేళ్లకు పెంచింది అక్షరాలా రెండు రూపాయలు! 2019 ఆరంభంలోనే కార్మిక శాఖ సొంతంగా వేసుకున్న అనూప్ శత్పథి కమిటీ 2018 నాటి ధరలతో తిండీ బట్టా లెక్కగట్టి, కనీసం 375 ఉండాలని తేల్చింది. పట్టణాల్లో ఇంటద్దెకు నెలకు మరో 1,430 ఇవ్వమంది. వేసిందీ వాళ్లే, చెత్తబుట్టలో పడేసిందీ వాళ్లే.

కూలి పెంచితే చిన్న పరిశ్రమలు మూతపడతాయనే వాదన ఉంది. ఉండనీ. తమ ఉద్యోగులకు ఏటా రెండుసార్లు కరువు భత్యం సవరించేటప్పుడు ధరలు పెరిగిన సంగతి సర్కారుకు ఠంచనుగా గుర్తొస్తుంది. ఇవ్వడం తప్పని మేం అనడం లేదు. ఆ ధరలు అడ్డా కూలీకి వర్తించవా?

సాయంత్రం కూలి చేతిలో పడ్డాక అతను కొనేది పావుకిలో కందిపప్పు, చిన్న నూనె ప్యాకెట్. చిల్లరగా కొంటాడు కాబట్టి కిలోకు మనకంటే ఎక్కువే కడతాడు. రేషన్ బియ్యం వస్తున్నాయి, నిజమే. అందులోకి కూర? గది అద్దె, షేర్ ఆటో, పిల్లాడికి జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది మందు? నెలకు 26 రోజుల పని అని కాగితం మీద రాసుకుంటారు. వానాకాలంలో అడ్డా మీదికొచ్చి చూస్తే తెలుస్తుంది ఎన్ని రోజులు దొరుకుతుందో.

ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు 2019లో పెట్టిన ఆదాయ పరిమితి కుటుంబానికి నెలకు పల్లెల్లో 10 వేలు, పట్టణాల్లో 12 వేలు. శత్పథి కమిటీ చెప్పిన కనీస కూలే నెలకు 9,750. అంటే బతకడానికి చాలీచాలని మొత్తం దాటితే చాలు, పేదవాడు కాకుండా పోతాడు. ఇవ్వాల్సినప్పుడు ఒక లెక్క, కోత పెట్టేటప్పుడు ఇంకో లెక్క.

మనిషి రోజుకు పట్టణంలో 32, పల్లెలో 26 రూపాయలు ఖర్చు పెట్టగలిగితే పేదవాడు కాదని ప్రణాళికా సంఘం 2011లో సుప్రీంకోర్టుకు చెప్పి అభాసుపాలైంది. 2014లో రంగరాజన్ కమిటీ 47, 32 అంటే దాన్నీ అటకెక్కించారు. ఆ తర్వాత కొత్త దారిద్ర్యరేఖ గీసిన పాపాన పోలేదు. తొమ్మిదేళ్లలో 24.82 కోట్ల మంది పేదరికం నుంచి బయటపడ్డారని నీతి ఆయోగ్ ప్రకటించడానికి మాత్రం ఏ అడ్డూ రాలేదు. గొప్పలకైతే ఆగమేఘాల మీద లెక్కలు, కూలికైతే కమిటీలు!

కనీస కూలి సంగతి తేల్చే చట్టం, 2019లోనే పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబర్ 21న గానీ అమల్లోకి రాలేదు. ఇక సాకులు చెల్లవు. ఇవాళ్టి ధరలతో కనీస ఖర్చు లెక్కగట్టి, దాని ప్రకారమే కూలి ఇప్పించండి. అది చేతకాకపోతే, పేదరికం తగ్గిందన్న ప్రకటనలైనా మానండి.