ఆ ప్లస్ ఒకటి ఎవరండీ?

గత ఆదివారం మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఒక పోస్టుమార్టం జరిగింది. మృతుడు చేపలు పట్టే గాలానికి బిగించే బైట్‌ఫీడర్ రీలు. సైజు 6000, వయసు ఏడు నెలలు, ఖరీదు 1,850 రూపాయలు. పెట్టె మీద బంగారు రంగులో, శుభలేఖ మీద వధూవరుల పేర్లంత లావు అక్షరాలతో '13+1 బేరింగులు' అని ఉంది. పరిచిన పాత పేపరు మీద తేలినవి నాలుగు. నా కళ్ల మీద నాకు నమ్మకం లేక మా ఆవిడని పిలిచాను. ఆవిడ కూడా కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టింది. నాలుగే. మిగతా చోట్ల పాలరంగు ప్లాస్టిక్ ఉంగరాలు కనిపించాయి. ఆర్టీసీ బస్సులో సీటు మీద తువ్వాలు వేసి దిగిపోయినట్టు, బేరింగులు వచ్చేదాకా ఆ చోటు కాస్తున్నాయి పాపం.

ప్లస్ ఒకటి మాత్రం ఉంది. ఆ పెట్టె మొత్తంలో నిజం చెప్పింది అదొక్కటే.

గాలం వేసే అలవాటు లేని దురదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. ఏటి అడుగున ఎర వేసి, రాడ్‌ని పంగల కర్ర మీద ఆనించి, కొసన గజ్జె కట్టి, టీకి వెళ్లే జాతి మాది. సరిగ్గా టీ చేతికొచ్చిన క్షణంలోనే ఏ బంగారుతీగో వాలుగో ఎర నోట కరుచుకుని పరుగు తీస్తుంది. మామూలు రీలయితే దారం బిగుసుకుంటుంది. అప్పుడు చేప ముందు రెండు దారులుంటాయి. అనుమానం వచ్చి ఎర ఉమ్మేయడం ఒకటి, రాడ్‌ని కూడా వెంటబెట్టుకుని వెళ్లిపోవడం రెండోది. మా పెదనాన్నగారి అబ్బాయి రాడ్ ఆ రెండో దారిన ధవళేశ్వరం దిగువన గోదాట్లోకి వెళ్లింది. ఈపాటికి అంతర్వేది దాటి సముద్రంలో ఉంటుంది.

దీనికి విరుగుడే బైట్‌ఫీడర్. రీలు వెనక చిన్న లివర్ ఉంటుంది. అది ఎత్తితే దారం చుట్టి ఉన్న స్పూల్ వదులై, చేప లాగినంత దారం ఇస్తుంది. ఎంత తేలిగ్గా ఇవ్వాలో వెనకున్న మరతో సర్దుకోవచ్చు. మనం టీ గ్లాసు కింద పెట్టి పరిగెత్తుకొచ్చి హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే టక్కుమని లివర్ పడిపోయి, ముందున్న అసలు బ్రేకు పట్టుకుంటుంది. షిమానో అనే జపాన్ కంపెనీ 1980ల్లో బైట్‌రన్నర్ అని ఈ ఏర్పాటు తెచ్చింది. ఆ పేరు వాళ్లది కనక మిగతావాళ్లు బైట్‌ఫీడర్ అనీ ఫ్రీస్పూల్ అనీ పెట్టుకున్నారు. మొత్తానికి ఒక రీలుకి రెండు బ్రేకులు. ఒకటి చేపని నమ్మించడానికి, రెండోది నమ్మిన తరవాత బిగించడానికి. మనకి ఐదేళ్లకోసారి అనుభవమే కాబట్టి ఇంతకన్నా వివరించను.

ఇందులో బేరింగుల పని ఎంత? పెద్ద గేరుకి అటొకటి ఇటొకటి, దానితో కలిసి తిరిగే చిన్న గేరు దగ్గర ఒకటి, దారం మలుపు తిరిగే రోలర్ దగ్గర ఒకటి. ఈ నాలుగూ మంచివైతే చాలు, రీలు బతుకుతుంది. ఆ పైన పెట్టేవి హ్యాండిల్ పిడిలోనూ మరో మూలనా కూర్చుంటాయి. ఉంటే సుఖమే, లేకపోతే కొంప మునగదు. అంటే నా రీల్లో ఉండాల్సిన నాలుగూ ఉన్నాయి. కంపెనీవాడు పెట్టె మీద '4' అని రాసుకున్నా నేను కొనేవాణ్ణి. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా గోదావరికి ఆనకట్ట కట్టించాడు. ఎన్ని బేరింగులతో కట్టించాడో రాసిన బోర్డు ఆ చుట్టుపక్కల నాకెక్కడా కనపడలేదు. నీళ్లు మాత్రం పొలాలకి పారుతున్నాయి.

కానీ గట్టు మీద ఈ మాట చెప్పి చూడండి. వింతజంతువుని చూసినట్టు చూస్తారు. అక్కడ మనిషి విలువ బేరింగుల్లోనే. '9+1' వాడు '11+1' వాడికి కుర్చీ ఖాళీ చేస్తాడు. ఇది ఇలాగే సాగితే పెళ్లిచూపులు ఎలా జరుగుతాయో నాకు స్పష్టంగా కనిపిస్తోంది. పిల్ల ఎనిమిదడుగుల ఫైబర్ రాడ్, లక్షణంగా ఉంది. పిల్ల తండ్రి చాప మీద సర్దుకుని కూర్చుంటాడు.

"అబ్బాయికి ఎన్నండీ?"

"పదమూడు."

"మా పెద్దల్లుడికి ఆరే. అయినా సాగర్ నీళ్లలో పది కిలోల బొచ్చెని లాగాడు."

"మావాడు ఇంకా ఏమీ లాగలేదండీ. కానీ పదమూడు."

ఆడవాళ్లు లోపల్నుంచి తొంగి చూస్తారు. పదమూడట వదినా, పదమూడు.

"మరి ఆ ప్లస్ ఒకటి ఎవరండీ?"

వరుడి తండ్రి గొంతు సవరించుకుంటాడు. "వాడూ మా ఇంట్లోనే ఉంటాడండీ. హ్యాండిల్ని వెనక్కి తిరగనివ్వడు. అంతకుమించి ఎవరితోనూ మాట్లాడడు."

"మంచి క్రమశిక్షణ."

అప్పుడు మూల కుర్చీలోంచి ఒక ముసలాయన నోరు విప్పుతాడు. వెదురుకర్రా బెండూ తప్ప రీలు ఎరగని రోజుల్లో కొర్రమీన్లు పట్టిన చెయ్యి అది. "ఏమోయ్, అబ్బాయి గేరు దేనితో చేశారు? ఇత్తడా, పోత లోహమా?"

సభ నిశ్శబ్దం.

"తాతగారూ, కాఫీ చల్లారిపోతుంది, తీసుకోండి."

"బ్రేకులో వాషర్లు ఫెల్టువా, కార్బన్‌వా? ఒళ్లు ప్లాస్టిక్ అయితే బరువు పడినప్పుడు వంగుతుంది, లోపల పళ్లు తప్పుకుంటాయి. చూశారా?"

"ఏమనుకోకండి బావగారూ, మా నాన్నకి ఈమధ్య కాస్త చాదస్తం."

"అబ్బే, పెద్దవాళ్లు కదండీ."

"స్ప్రింగు పోతే ఎక్కడ దొరుకుతుందో అదైనా అడగండిరా!" అని ఆయన కేకలేస్తుండగా ఇద్దరు మనవలు కుర్చీతో సహా ఎత్తి పెరట్లో పెడతారు. ముహూర్తం ఖాయం. కట్నం కింద దారం 300 మీటర్లు.

పోనీ అమ్మినవాణ్ణే అడుగుదామని ఫోన్ చేశాను. కుర్రాడు చాలా మర్యాదస్తుడు.

"పదమూడన్నారు బాబూ, నాలుగే ఉన్నాయి."

"రీలు తిరుగుతోందా సర్?"

"లేదు, విప్పేశాను."

"విప్పితే వారంటీ ఉండదు సర్."

"విప్పకపోతే ఎన్నున్నాయో ఎలా తెలుస్తుంది?"

"పెట్టె మీద రాసి ఉంటుంది కదా సర్."

ఈ చివరి వాక్యం ముందు నేను ఓడిపోయాను. ఇంత సంపూర్ణమైన వేదాంతం మన మఠాల్లో కూడా వినపడదు.

కాబట్టి కొనబోయేవాళ్లు పెట్టెని పక్కన పెట్టి రీలుని చేతిలోకి తీసుకోవాలి. ఆన్‌లైన్లో తెప్పిస్తే, వాపసు గడువు దాటకముందే ఈ పని చేయాలి. హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ ఊపండి. మంచం కోడులా కదిలితే వద్దు. కాస్త దారం చుట్టి వెనక లివర్ ఎత్తి, మర పూర్తిగా వదులు చేసి, దారాన్ని రెండు వేళ్లతో లాగండి. పెరుగు కవ్వం తాడులా మెత్తగా రావాలి. జర్కు ఇచ్చిందా, చేపకీ అదే జర్కు తెలుస్తుంది, ఇక ఆ లివర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. హ్యాండిల్ తిప్పితే లివర్ ప్రతిసారీ పడాలి. పదిసార్లు చూడండి. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. రోలర్ దారంతో పాటు తిరగాలి. తిరగకపోతే దారం దాన్ని కోస్తుంది, అది దారాన్ని కోస్తుంది. 4000, 6000 అన్న సైజుల్ని పోల్చేటప్పుడు కంపెనీ మారితే లెక్కా మారుతుందని గుర్తుంచుకోండి. రెడీమేడ్ చొక్కాల సైజులకీ వీటికీ పెద్ద తేడా లేదు.

ఇక పెట్టె మీద రెండో గొప్ప, 'గరిష్ఠ డ్రాగ్ 12 కిలోలు'. డ్రాగ్ అంటే బ్రేకు పట్టు. మన దారం తెగేదే ఎనిమిది కిలోలకి. ముందు బ్రేకుని దారం బలంలో నాలుగో వంతుకో మూడో వంతుకో బిగించాలి, అంటే రెండు రెండున్నర కిలోలు. కొలవడానికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. అమెరికాలో పిల్లలున్న ప్రతి తెలుగింట్లోనూ, ఆవకాయతో సహా సూట్‌కేసు 23 కిలోలు దాటకుండా చూసే కొక్కెం కాటా ఒకటి ఉండనే ఉంటుంది. దానికి దారం కట్టి లాగండి. వెనక బ్రేకు మాత్రం గాలికీ ప్రవాహానికీ దారం పోకుండా ఉంటే చాలు. మరీ వదిలేస్తే చేప పరుగు ఆపాక కూడా స్పూల్ తిరుగుతూనే ఉండి, దారం చిక్కుపడి పిచ్చుక గూడు తయారవుతుంది. చేప పోయాక మీరు తీరిగ్గా విప్పుకోవచ్చు.

రీలు సంరక్షణ విషయంలో మా బావమరిది ఒక సంప్రదాయానికి మూలపురుషుడు. ఏటినుంచి రాగానే రీలుని బకెట్‌లో ముంచుతాడు. బురద పోవాలిగా బావా, అంటాడు. బురద పోతుంది నిజమే, గేర్ల దగ్గరికి. తడిగుడ్డతో తుడిస్తే చాలని చెప్పాను. ఉప్పునీళ్ల నుంచి వస్తే ముందు బ్రేకు బిగించి, పైపైన సన్నగా మంచినీళ్లు పోసి, తుడిచి, ఆరాక మళ్లీ బ్రేకు వదులు చేసి పెట్టమని కూడా చెప్పాను. లేకపోతే వాషర్లు అప్పడాల్లా నొక్కుకుపోయి ఉంటాయి. రోలర్‌కీ, బెయిల్ అనే దారం పట్టే కమ్మీ కీలుకీ ఒక్కో చుక్క నూనె, గేరుకి కాస్త గ్రీజు. ఈ పాఠం తలూపుతూ విని, వెళ్లి కొబ్బరినూనె పోశాడు. డిసెంబరులో అది పేరుకుని రీలు గానుగలా తిరిగింది. మందు గ్రీజేనని తేల్చుకుని ఈసారి అన్ని చోట్లా దట్టించాడు, ఆ ప్లస్ ఒకటి నోట్లో కూడా. దాని పని లోపలున్న సన్నటి రోలర్లు ఇరుసుని పట్టుకోవడం. గ్రీజు పూస్తే జారుతుంది. అప్పట్నుంచీ మావాడి హ్యాండిల్ రెండు వైపులా తిరుగుతోంది. ఎన్నడూ ఎవరితోనూ మాట్లాడనివాడు ఒక్కసారిగా రెండు పార్టీల్లోనూ చేరిపోయాడు.

సరే, నా రీలు ఎందుకు చచ్చిపోయిందో చెప్పలేదు కదా. బేరింగు వల్ల కాదు. బెయిల్ స్ప్రింగు విరిగింది. గింజంత స్ప్రింగు. దారాన్ని పట్టే ఆ కమ్మీని మూసి ఉంచేది అదే. నా తప్పు లేదనను, గాలం విసిరిన ప్రతిసారీ చేత్తో మూయకుండా హ్యాండిల్ తిప్పి టపీమని మూశాను. ఒప్పుకున్నాను. స్ప్రింగు ఇమ్మన్నాను. అది మాత్రం అమ్మరట! రీలే కొత్తది కొనుక్కోవాలట, ఆఫర్ నడుస్తోందట.

మా అమ్మ కుట్టుమిషను నాకంటే పెద్దది. దాని బాబిన్ కేసు ఇవాళ్టికీ మెయిన్‌రోడ్డు మీద దొరుకుతుంది. కుక్కర్ గాస్కెట్ సాగిపోతే కుక్కర్ పారేయమని ఏ కొట్టువాడూ అనడు. సైకిల్లో ఊడిపోయే ప్రతి ముక్కనీ రోడ్డు పక్క చెట్టు కింద డబ్బాలో పెట్టుకుని కూర్చునే మనిషి ఉన్నాడు. అలాంటి ఊళ్లో, రూపాయి ఖరీదు చేయని స్ప్రింగు కోసం 1,850 రూపాయల వస్తువుని చెత్తబుట్టలో వేయమంటారా? సిగ్గులేదా? లేని తొమ్మిది బేరింగుల గురించి అచ్చు వేయించడానికి బంగారు రంగు సిరా దొరికింది, ఉన్న ఒక్క స్ప్రింగుకి జోడీ వేసి రెండోది అదే పెట్టెలో పడేయడానికి చేతులు రాలేదు! రోజుకూలీ చేసుకునేవాడు నెలలు కూడబెట్టి కొంటాడయ్యా ఈ చవక రీళ్లని. పదివేల రీలు కొనేవాడికి స్పేర్ పార్టుల చిత్రపటం ఇస్తారు, ముక్కముక్కకీ నంబరు ఉంటుంది. చవకది కొన్నవాడికి తొమ్మిది అబద్ధాలూ ఒక ఆఫరూ. చవక వస్తువు చవకగా ఉండొచ్చు, తప్పు లేదు. బాగుచేయడానికి వీల్లేకుండా ఎందుకుండాలి? బాగుచేసుకునేది ఎక్కువగా చవకది కొన్నవాడే కదా!

చివరికి తాళాలు బాగుచేసే ఆయన దగ్గర కూర్చున్నాను. ఆయన విరిగిన ముక్కని వెలుగుకి పట్టి చూసి, డబ్బాలోంచి సన్నటి ఉక్కు తీగ తీసి, మేకుకి చుట్టి, కొస వంచి, రెండుసార్లు పాడుచేసి మూడోసారి కుదిర్చాడు. నలభై రూపాయలు తీసుకున్నాడు. పాడైన రెంటికీ డబ్బు వద్దన్నాడు. అవి కూడా అడిగి తెచ్చుకున్నాను, ఎందుకైనా మంచిదని.

రాత్రి రీలు బిగిస్తుంటే మా బావమరిది కొత్త పెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూశావా బావా? పదిహేడు ప్లస్ ఒకటి!"

నేనేమీ అనలేదు. మా ఆవిడే పాత పేపరు తెచ్చి బల్ల మీద పరిచింది.