నూరు శాతం హాజరుకు కప్పులు వద్దు

వచ్చే ఉగాది వేడుకల్లో ప్రైమరీ పిల్లలకు ‘నూరు శాతం హాజరు’ కప్పులు ఇద్దామని చెన్నైలోని మన తెలుగు సంఘంలో కొందరు అంటున్నారు. మంచి మనసుతోనే అంటున్నారు, కాదనను. కానీ ఆ కప్పు ఎవరి చేతికి వెళ్తుంది? పొద్దున్నే టిఫిన్ పెట్టి వ్యాన్ ఎక్కించే అమ్మో అమ్మమ్మో ఇంట్లో ఉన్న పిల్లకి. కప్పు లేకపోయినా ఆ పిల్ల రోజూ బడికి వెళ్తుంది. పోయిన నెల పది రోజులు వచ్చి, ఈ నెల పదహారు రోజులు వచ్చిన పిల్లాడు ఒకడుంటాడు. నన్నడిగితే గెలిచింది వాడే. వాణ్ణి స్టేజీ మీదికి ఎవరూ పిలవరు. పైగా కప్పు చేజారుతుందని జ్వరంతో ఉన్న పిల్లకి పారాసెటమాల్ వేసి బడికి పంపేవాళ్లు మనలో లేరా?

బడుల్లోనూ దాదాపు ఇదే ధోరణి. క్లాసు సగటు చూసుకుని సంతోషపడతారు. ముప్ఫై మంది ఉన్న క్లాసు, నెలకు 20 పనిదినాలు అనుకుందాం. ముగ్గురు తలా పది రోజులు మానేసి, మిగతావాళ్లు రోజూ వస్తే సగటు హాజరు 95 శాతం. కాగితం మీద భేషుగ్గా ఉంటుంది. ఆ ముగ్గురికి మాత్రం నెలలో సగం చదువు పోయినట్టే. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలి. అందులో పదో వంతు, అంటే 20 రోజులు మానేస్తే ఇంగ్లండ్, అమెరికా లెక్కల్లో అది గట్టిగా పట్టించుకోవాల్సిన గైర్హాజరు. నెలకు రెండు రోజులే కదా అనిపిస్తుంది! అందుకే రిజిస్టరును తేదీల వారీగా కాకుండా పేర్ల వారీగా చదవాలి.

ఇక పిల్లలు ఎందుకు రారన్నది చూద్దాం. చెన్నైలో తెల్లవారుజామునే చీపురు పట్టుకుని రోడ్డెక్కే పారిశుధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. తల్లి డ్యూటీకి వెళ్లేసరికి పిల్లలు ఇంకా నిద్రలోనే ఉంటారు. లేపేవాళ్లు లేక, తినడానికేమీ లేక, ఏడేళ్ల అక్క తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ పిల్లకి హాజరు గురించి నీతులు చెప్పి ఏం లాభం?

ఈ సంగతిని నూరేళ్ల కిందటే పట్టుకున్నవాడు తెలుగువాడు కావడం మనకు గర్వకారణం. టీ నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు టిఫిన్ పెట్టాలని తీర్మానించారు. ఖర్చు ఒక్కొక్కరికి రోజుకు ఒక అణా మించకూడదు. పేదరికం వల్లే బడిలో పిల్లల సంఖ్య నిలవడం లేదన్నది ఆయన వాదన. ప్రాథమిక విద్యా నిధి ఖర్చుపై ప్రభుత్వం పెట్టిన ఆంక్షలతో 1925లో అది ఆగిపోయింది. ఆ తర్వాత కామరాజ్ మధ్యాహ్న భోజనం, 1982లో ఎంజీఆర్ పౌష్టికాహార పథకం అందరికీ తెలిసినవే. 2022 సెప్టెంబరులో 1,545 బడుల్లో మొదలైన ఉదయపు టిఫిన్, 2023 ఆగస్టుకల్లా రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రైమరీ బడులన్నిటికీ చేరింది. మధ్యాహ్న భోజనం వచ్చిన పిల్లల్ని బడిలో నిలబెడుతుంది. పొద్దుటి ఉప్మా, పొంగల్ అయితే అసలు ఇంట్లోంచి కదిలిస్తాయి. నా లెక్కలో ఏ కప్పూ దీనికి సాటి రాదు.

అయినా టిఫిన్ ఒక్కటే చాలదు. ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు టీచర్లు హాజరును యాప్‌లో ఎక్కిస్తున్నారు. ఎక్కించాక ఏమిటి? రాని పిల్ల ఇంటికి ఆ రోజే ఎవరో ఒకరు ఫోన్ చేసి ఏమైందని అడగాలి, తిట్టకుండా. మూడు రోజులు పోయాక అడిగితే అందరూ కడుపునొప్పి అనే చెబుతారు. పిల్లల హాజరు గురించి తల్లిదండ్రులతో మాట్లాడటం టీచర్ల విధి అని విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు తమిళంతో ఇబ్బంది లేదు. మొన్న మొన్న శ్రీకాకుళం నుంచి బిల్డింగ్ పనికి వచ్చిన కుటుంబం మాటేమిటి? టీసీ తేలేదని చేర్చుకోరేమోనన్న టెన్షన్‌తోనే వాళ్లు బడి గడప తొక్కరు. టీసీ ఆలస్యమైనంత మాత్రాన పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదని అదే చట్టం చెబుతోందని వాళ్లకు తెలుగులో ఎవరు చెప్పాలి? మన సంఘమే. హెడ్‌మాస్టర్ల అనుమతితో, బడి ద్వారానే, ఇలాంటి ఫోన్లు చేయడానికి నలుగురు ముందుకొస్తే చాలు.

ఆ నలుగురు ముందు తమ ఇల్లు చూసుకోవాలి. ఆంధ్రలో సంక్రాంతి సెలవులు ఇక్కడి పొంగల్ సెలవుల కంటే ఎక్కువ. ఊరెళ్లిన మనవాళ్లు ముక్కనుమ దాటాక మేనత్త ఇంట్లో ఇంకో రెండు రోజులు ఉండి వస్తారు. ఇంగ్లండ్‌లో ఇలా పిల్లల్ని ఐదు రోజులు మాన్పిస్తే 2024 ఆగస్టు నుంచి తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్ల జరిమానా పడవచ్చు. ఇక్కడ జరిమానాలు నాకిష్టం లేదు, కూలి చేసుకునే తల్లి నెత్తిన పడితే పిల్లను బడే మాన్పించేస్తుంది. కానీ ఏసీ కోచ్‌లో రిటర్న్ టికెట్ తీసుకునే మనకు, బడి తెరిచే తేదీ చూసి తీసుకోవడంలో కష్టమేమిటి?