రాత్రి బేస్‌బాల్: లైట్లు ఎవరి కోసం వచ్చాయి, ఎవరి చేతికి చిక్కాయి

1920 ఆగస్టు 16న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో క్లీవ్‌లాండ్ జట్టు ఆటగాడు రే చాప్‌మన్ బ్యాటింగ్‌కి నిలబడ్డాడు. బంతి వేస్తున్నది న్యూయార్క్ యాంకీస్ పిచర్ (బేస్‌బాల్‌లో బౌలర్ లాంటివాడు) కార్ల్ మేస్. చెయ్యి దాదాపు నేలకి తాకేంత కిందనుంచి తిప్పి బంతి విసరడం అతని పద్ధతి. అప్పట్లో ఒకే బంతిని వీలైనంత సేపు వాడేవారు. మట్టి, ఉమ్మి, పొగాకు మరకలతో అది నల్లబడిపోయేది. ఆ బంతి చాప్‌మన్ కణతకి తగిలింది. అతను తప్పుకునే ప్రయత్నం కూడా చేయలేదని, బంతి అసలు కనిపించి ఉండదని చూసినవాళ్లు చెప్పారు. మర్నాడు తెల్లవారుజామున చనిపోయాడు. అమెరికాలో అన్నిటికంటే పెద్దదైన మేజర్ లీగ్ మ్యాచ్‌లో పిచర్ విసిరిన బంతి తగిలి ప్రాణం పోయింది ఇప్పటికీ అతనొక్కడికే.

ఇది పగలు జరిగిన ఆట. రాత్రి బేస్‌బాల్ గురించి మాట్లాడేటప్పుడు చాప్‌మన్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. బేస్‌బాల్‌లో మిగతావన్నీ తర్వాత, ముందు బంతి కనపడాలి. పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య దూరం 18.44 మీటర్లు. గంటకి 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని చూసి, కొట్టాలో వదలాలో తేల్చుకుని, బ్యాట్ తిప్పడానికి ఉండే సమయం మొత్తం 0.4 సెకను. అరచేతిలో ఇమిడే తెల్లటి బంతి అది. వెలుతురు కాస్త తగ్గినా ఆట స్వభావం మారిపోతుంది.

అందుకే ఈ ఆటకి కరెంటు దీపాలు అంత తేలిగ్గా కుదరలేదు. ప్రయత్నాలు మాత్రం చాలా ముందే మొదలయ్యాయి. 1880 సెప్టెంబరు 2న మసాచుసెట్స్‌లోని నాంటాస్కెట్ బీచ్‌లో రెండు బోస్టన్ దుకాణాల ఉద్యోగులు ఆర్క్ దీపాల కింద ఆడారు. స్కోరు 16-16తో సమం. దీపాలు అమ్ముకునే కంపెనీకి అది ప్రచారం, అంతే. 1883లో ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో, 1909లో సిన్సినాటీలో కూడా ఇలాంటి ముచ్చట్లు తీరాయి. ఏదీ నిలబడలేదు. బాక్సింగ్ రింగ్‌కైతే పైన నాలుగు దీపాలు వేలాడదీస్తే సరిపోతుంది. బేస్‌బాల్ మైదానం పెద్దది, పైగా బంతి నేలమీద ఉండదు. ఆకాశంలోకి లేచిన బంతి అడుగుభాగం మీద కూడా వెలుతురు పడాలి, కానీ కింద పరుగెత్తే ఫీల్డర్ కళ్లలో దీపం కొట్టకూడదు. స్తంభాలు పొట్టిగా ఉంటే రెండు విధాలా చెడుతుంది. బంతి వెలుతురు దాటి చీకట్లోకి పోతుంది, ఫీల్డర్ కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఆ చిక్కుముడి విప్పాల్సినంత అవసరం ఎవరికొచ్చింది? పెద్ద లీగ్ యజమానులకి రాలేదు. మధ్యాహ్నం మూడింటికి ఆట పెట్టినా వాళ్లకి గడిచిపోయేది. అవసరం వచ్చింది ఆర్థిక మాంద్యంలో మునిగిపోతున్న చిన్న లీగ్‌లకి, పెద్ద లీగ్ గడప తొక్కనివ్వని నల్లజాతి జట్లకి.

కాన్సస్ సిటీ మోనార్క్స్ నల్లజాతి ఆటగాళ్ల జట్టు. యజమాని జె.ఎల్. విల్కిన్సన్ తెల్లవాడు. 1929 స్టాక్ మార్కెట్ పతనం తర్వాత పనివాళ్ల జేబులు ఖాళీ. పని ఉన్నవాళ్లకి పగటిపూట తీరిక లేదు. మిగిలింది ఆదివారం ఒక్కటే. ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ లాంటి నగరాల్లో ఆ ఆదివారం ఆటలకి కూడా 1934 దాకా చట్టం అడ్డమే. విల్కిన్సన్ తన భాగస్వామి టామ్ బేర్డ్ దగ్గర అప్పు తీసుకుని ఒమాహాలోని ఒక కంపెనీతో లైట్ల సెట్ చేయించాడు. దానికి 50 వేల డాలర్లని కొందరు, లక్ష దాకా అయిందని కొందరు అంటారు. మాంద్యం రోజుల్లో ఏ లెక్కైనా గుండెలు అదిరే మొత్తమే.

ఆ సెట్‌ని కాస్త దగ్గరగా చూడాలి. ట్రక్కుల మీద మడతపెట్టిన స్తంభాలు. ఊరు చేరాక మైదానం చుట్టూ ట్రక్కులు నిలిపి, స్తంభాలు పైకి లేపి, ఫ్లడ్‌లైట్లు బిగించేవారు. కరెంటు కోసం పడవల్లో వాడే 250 హార్స్‌పవర్ ఇంజిన్‌కి కట్టిన జనరేటర్. ఆ మోతకి ఫీల్డర్లు ఒకరి కేక ఒకరికి వినపడక తంటాలు పడేవారు. ఎత్తుగా కొట్టిన బంతి లైట్ల పైకి వెళ్లి మాయమైపోయేది. ఎక్కడ కిందికి దిగుతుందో ఊహించుకుని ఔట్‌ఫీల్డర్ కాచుకుని నిలబడాలి. ఆట అవగానే అంతా విప్పి, ట్రక్కులకెక్కించి, మరో ఊరికి బయలుదేరాలి.

1930 ఏప్రిల్ 28న ఓక్లహోమాలోని ఈనిడ్‌లో ఈ లైట్ల కింద మోనార్క్స్ మొదటి ఆట ఆడింది. సరిగ్గా అదే రోజు కాన్సస్‌లోని ఇండిపెండెన్స్ అనే చిన్న పట్నంలో ఒక మైనర్ లీగ్ మ్యాచ్ కూడా లైట్ల కింద జరిగింది. నాలుగు రోజులకి ఐయోవాలోని డెమోయిన్‌లో మరొకటి. మేజర్ లీగ్‌లో మొదటి రాత్రి ఆటకి ఇంకా ఐదేళ్లుంది.

ఆ వేసవిలోనే కాన్సస్ సిటీలో ఈ లైట్ల కిందే మోనార్క్స్‌కీ హోమ్‌స్టెడ్ గ్రేస్‌కీ మధ్య ఒక మ్యాచ్ జరిగింది. నల్లజాతి బేస్‌బాల్ చరిత్రలో దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. గ్రేస్ పిచర్ స్మోకీ జో విలియమ్స్‌కి అప్పటికి నలభై నాలుగేళ్లు. పన్నెండు ఇన్నింగ్స్ (మామూలుగా తొమ్మిదే) ఒక్కడే వేసి 27 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని సరిగ్గా కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు. అటువైపు చెట్ బ్రూయర్ కూడా తక్కువ తినలేదు, 19 మందిని వెనక్కి పంపాడు. చివరికి గ్రేస్ 1-0తో గెలిచింది. బంతిని గరుకు కాగితంతో గీకి వేశారన్న మాట కూడా ఉంది. అందులో విలియమ్స్ చెయ్యి ఎంత, మసక వెలుతురు ఎంత అని విడదీయడం కుదరని పని. ఒకటి మాత్రం నిజం. బాగా వెలుగున్న మైదానంలో ఇద్దరు పిచర్లు కలిసి 46 స్ట్రైకౌట్లు తీసే మ్యాచ్ దాదాపు అసాధ్యం. రికార్డు పుస్తకంలో అంకె పక్కన ఆ రోజు వెలుతురు ఎంతో రాయరు. రాయాలని నాకనిపిస్తుంది.

మోనార్క్స్ ఈ లైట్లతో ఊరూరా తిరిగి బతికింది. మధ్యాహ్నం ఒకచోట, రాత్రి మరోచోట ఆడే వీలు కలిగింది. గంటల తరబడి మెలకువగా ఉండి, రంగు కారణంగా హోటల్లో గది దొరక్క బస్సులోనే నిద్రపోయిన ఆటగాళ్ల రెక్కల కష్టం అది. విల్కిన్సన్ పేరు బేస్‌బాల్ మేటిల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది 2006లో.

చాలా కథనాల్లో రాత్రి బేస్‌బాల్ పుట్టిన తేదీ 1935 మే 24. సిన్సినాటీ క్రాస్లీ ఫీల్డ్‌లో రెడ్స్, ఫిలడెల్ఫియా ఫిలీస్ ఆడిన రోజు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌లో కూర్చుని టెలిగ్రాఫ్ మీట నొక్కితే 632 దీపాలు వెలిగాయి. మొత్తం దాదాపు పది లక్షల వాట్లు. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు కోణాలన్నీ లెక్కగట్టి బిగించిన దీపాలవి. 20,422 మంది వచ్చారు, రెడ్స్ 2-1తో గెలిచింది. దీని వెనకున్న జనరల్ మేనేజర్ లారీ మెక్‌ఫెయిల్ అంతకుముందు కొలంబస్‌లో మైనర్ లీగ్ జట్టు నడుపుతూ లైట్ల లాభం కళ్లారా చూసినవాడు. అంటే పెద్ద లీగ్ కనిపెట్టింది ఏమీ లేదు, కింద పరీక్షించి నెగ్గినదాన్ని పైకి తెచ్చుకుంది. ఆ ఘనతని సిన్సినాటీకి మాత్రమే కట్టబెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మెక్‌ఫెయిల్‌కి లీగ్ ఇచ్చిన అనుమతి ఏడాదికి ఏడు రాత్రులే. ఆ ఏడు రాత్రులకి వచ్చిన జనం పగటి ఆటల సగటుకి కొన్ని రెట్లు. మూడేళ్ల తర్వాత ఆయన బ్రూక్లిన్ వెళ్లి అక్కడా లైట్లు పెట్టించాడు. 1938 జూన్ 15న ఎబెట్స్ ఫీల్డ్ మొదటి రాత్రి ఆటలో సిన్సినాటీ పిచర్ జానీ వాండర్ మీర్ వరసగా రెండో నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. ఇప్పటికీ ఎవరికీ చేతకాని ఫీట్ అది.

తర్వాత ప్రపంచ యుద్ధం. 1942 జనవరిలో రూజ్‌వెల్ట్ బేస్‌బాల్ కమిషనర్ లాండిస్‌కి రాసిన ఉత్తరంలో ఆటలు ఆపొద్దని చెబుతూ, రాత్రి ఆటలు పెంచితే పగటి షిఫ్టు కార్మికులు అప్పుడప్పుడైనా చూడగలుగుతారని ఆశించాడు. రాత్రి ఆట ఎవరి కోసమో ఇంత సూటిగా ఒక దేశాధ్యక్షుడు చెప్పడం నాకు చాలా నచ్చే విషయం. వాషింగ్టన్ జట్టు యజమాని క్లార్క్ గ్రిఫిత్ మొదట్లో రాత్రి ఆటలకి బద్ధవిరోధి. ఆఫీసు ఉద్యోగుల ఊళ్లో సాయంత్రం ఆటకి ఎంత గిరాకీ ఉందో తెలిశాక ఇంకా కావాలని అడిగే దాకా వచ్చాడు.

1948 నాటికి ఒక్క షికాగో కబ్స్ తప్ప అందరికీ లైట్లు వచ్చేశాయి. రిగ్లీ ఫీల్డ్‌లో పెట్టడానికి తెప్పించిన ఉక్కుని పెర్ల్ హార్బర్ దాడి జరగగానే యజమాని ఫిలిప్ రిగ్లీ యుద్ధానికి ఇచ్చేశాడు. తర్వాత అక్కడ లైట్లు పెట్టనే లేదు. నలభై ఏళ్లకి పైగా కబ్స్ అక్కడ పగటి ఆటలకే పరిమితమైంది. 1981లో జట్టు చేతులు మారి కొత్త యజమానులు లైట్లంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఎదురుతిరిగారు. అది ఇళ్ల మధ్య ఉన్న మైదానం. అర్ధరాత్రి దాకా అరుపులు, గుమ్మం ముందు కార్లు, తాగిన జనం. ఈ భయాల్లో ఏ ఒక్కటీ కొట్టిపారేసేది కాదు. రాష్ట్ర చట్టం, నగర చట్టం రెండూ వాళ్ల పక్షానే వచ్చాయి. అప్పుడు లీగ్ అసలు మాట బయటపెట్టింది: లైట్లు లేకపోతే పోస్ట్‌సీజన్ (సీజన్ చివరి నాకౌట్) మ్యాచ్‌లు మరో ఊళ్లో ఆడాల్సి ఉంటుందని. ఎందుకంటే ఆ మ్యాచ్‌లు టీవీలో రాత్రే రావాలి.

1988లో నగర కౌన్సిల్ దిగొచ్చింది. ఆగస్టు 8న లైట్లు వేశారు. నాలుగో ఇన్నింగ్స్‌లో వాన కొట్టి ఆట రద్దయింది, లెక్కకొచ్చిన మొదటి రాత్రి ఆట మర్నాడు జరిగింది. ఏడాదికి 18 రాత్రులకి మించొద్దని అప్పటి ఒప్పందం. ఈ ఒప్పందం నాకు మంచి నమూనాగా కనిపిస్తుంది. లైట్లు కావాలా వద్దా అన్నదగ్గర ఆగిపోకుండా, ఎన్ని రాత్రులు అన్నది ఇరుగుపొరుగుతో కూర్చుని తేల్చుకున్నారు.

కబ్స్‌ని వంచిన టీవీ బలం అప్పటికి పదిహేడేళ్లుగా పెరుగుతూ వచ్చింది. 1971 అక్టోబరు 13న పిట్స్‌బర్గ్‌లో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్ పోరు) నాలుగో మ్యాచ్ మొదటిసారి రాత్రి పెట్టారు. పిట్స్‌బర్గ్ 4-3తో గెలిచింది. చూసిన జనాన్ని లెక్కేసుకున్న టీవీ సంస్థ ఇక వెనక్కి చూడలేదు. క్రమంగా సిరీస్ మొత్తం రాత్రికి మారింది. తూర్పు తీరపు గడియారం ప్రకారం మధ్యాహ్నం పెట్టిన చివరి వరల్డ్ సిరీస్ మ్యాచ్ 1987 అక్టోబరు 24ది. అదీ మినియాపొలిస్‌లో పైకప్పు కింద, దీపాల వెలుతురులో ఆడినది.

మన క్రికెట్ కూడా ఇదే దారిలో నడిచింది. 1977లో ఆస్ట్రేలియాలో కెరీ ప్యాకర్ తన టీవీ ఛానెల్ కోసం ఫ్లడ్‌లైట్లు వేసి తెల్ల బంతి తెచ్చాడు. ఇప్పుడు ఉప్పల్‌లో ఏడున్నరకి మొదలయ్యే ఐపీఎల్ మ్యాచ్ వేళ కూడా టీవీ ముందు కూర్చునే ఇంటి వేళే. మనకి మంచు అదనపు తలనొప్పి. తడిసిన బంతి బౌలర్ చేతిలో జారుతుంది, టాస్ గెలిచినవాడు ముందు ఫీల్డింగ్ అంటాడు. బేస్‌బాల్‌కి ఆ బాధ అంతగా లేదు. చాప్‌మన్ మరణం తర్వాత మాసిన బంతిని పక్కన పడేయడం అలవాటైంది. ఒక్కో మ్యాచ్‌లో డజన్ల కొద్దీ బంతులు మారతాయి.

దీపాలు కూడా ఈలోగా బాగుపడ్డాయి. వైర్ బల్బులు పోయి మెటల్ హాలైడ్ వచ్చింది. దానితో ఇబ్బంది ఏమిటంటే ఒకసారి ఆరితే చల్లబడి మళ్లీ వెలగడానికి చాలాసేపు పడుతుంది. 2013 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్‌బౌల్ మధ్యలో కరెంటు పోతే ఆట 34 నిమిషాలు ఆగింది. 2015 సీజన్‌కి సియాటిల్ మైదానం ఎల్‌ఈడీలకి మారింది, మేజర్ లీగ్‌లో అదే మొదటిది. ఎల్‌ఈడీ మీట వేయగానే వెలుగుతుంది. వెలుతురుని కావలసినచోటికే మళ్లించడం కూడా తేలిక, పక్కింటి పడకగదిలోకి తక్కువ పోతుంది. అదే వీలుతో ఇప్పుడు హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) పడితే స్టేడియమంతా ఆర్పి వెలిగిస్తున్నారు. బంతి కనపడటానికి పెట్టిన దీపం ప్రదర్శనలో భాగమైంది. నాకు దానిమీద పెద్ద ఫిర్యాదేమీ లేదు, స్టాండ్స్‌లో పిల్లలు ఎగిరి గంతేస్తారు.

నా ఫిర్యాదు వేరే ఉంది. తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదింటికి మొదలయ్యే వరల్డ్ సిరీస్ మ్యాచ్ అర్ధరాత్రికి చేరువలో ముగుస్తుంది. 2001 అక్టోబరు 31న న్యూయార్క్ ఆటగాడు డెరెక్ జీటర్ గెలుపు హోమ్‌రన్ కొట్టేసరికి పన్నెండు దాటి నవంబరు వచ్చేసింది. మర్నాడు బడికి వెళ్లాల్సిన న్యూయార్క్ పిల్లల్లో ఎంతమంది అది చూసి ఉంటారు? తూర్పున ఆట మొదలయ్యే ఆ ఎనిమిది, పడమటి తీరంలో సాయంత్రం ఐదు. 2017 అక్టోబరు 24న లాస్ ఏంజెలెస్‌లో మొదటి బంతి పడేసరికి ఎండ 39 డిగ్రీలు. అక్కడ సాయంత్రం ఆటంటే పిచర్ ఎండలో, బ్యాటర్ నీడలో, బంతి మధ్యలో వెలుగు దాటి నీడలోకి వచ్చే వేళ. ఆ తర్వాత మునిమాపు. బ్యాటర్‌కి ఇంతకంటే చెడ్డ వెలుతురు లేదు. ఏ మసకచీకటిని తప్పించడానికి ఇన్ని లక్షల వాట్లు వెలిగించారో, ఆ మసకనే టీవీ గడియారం మళ్లీ తెచ్చి ఆట మొదట్లో పెట్టింది.

పనివాడి తీరిక కోసం వచ్చిన లైట్లివి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి ఆట అతని హక్కే, దాన్ని తీసేయమని అనను. శని, ఆదివారాలకి ఆ వాదన వర్తించదు. వరల్డ్ సిరీస్‌లో వారాంతపు మ్యాచ్ ఒక్కటైనా ఆడే ఊరి మధ్యాహ్నం ఒంటిగంటకి పెట్టాలి. లాస్ ఏంజెలెస్‌లో ఒంటిగంటంటే న్యూయార్క్‌లో నాలుగు, పిల్లలు పడుకునే వేళకి చాలా ముందే అయిపోతుంది. న్యూయార్క్‌లో ఒంటిగంటకి పెడితే పొద్దుగూకక ముందే చివరి ఔట్ పడుతుంది. ప్రకటనల ఆదాయంలో కొంత కోత పడుతుంది. ఆ కోతని లీగ్, టీవీ సంస్థ పంచుకోవాలి.