చచ్చిన చేపకు హాజరు

సాల్మన్ చేప సముద్రం నుంచి వందల మైళ్లు ఎదురీది, తాను పుట్టిన వాగుకే వచ్చి, గులకరాళ్లలో తోకతో గుంట తవ్వి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఇక దాని బాధ్యత తీరిపోయిందని మీరూ నేనూ అనుకుంటాం. అమెరికాలోని కొలంబియా, స్నేక్ నదుల మీద చేపల లెక్కల ఉద్యోగాలు చేసేవాళ్లు అలా అనుకోరు. వాళ్లకు అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ఆకులు రాలే కాలంలో రబ్బరు బూట్లు తొడుక్కుని, ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో ఫారం పట్టుకుని వాగులోకి దిగుతారు. కుళ్లిన చేప కనబడితే చాలు, విచారణ మొదలు. పొడవెంత? ఆడా, మగా? వీపు చివర, తోకకు ముందు ఉండాల్సిన చిన్న కొవ్వు రెక్క ఉందా? లేకపోతే హ్యాచరీ (చేపపిల్లల్ని పెంచే కేంద్రం) సరుకు, పిల్లగా ఉన్నప్పుడే కత్తిరించి వదిలారన్నమాట. ఉంటే అడవి చేప కావచ్చు. కావచ్చే! హ్యాచరీలో కొన్నిటికి కత్తిరించరు మరి. ముక్కులో గుర్తు కోసం దూర్చిన మిల్లీమీటరు తీగముక్క దాగుందేమోనని తలకాయ సంచిలోకి. వయసు తేల్చడానికి పొలుసులు కవర్లోకి. ఆడదైతే పొట్ట చీల్చి మరీ చూస్తారు, గుడ్లన్నీ పెట్టే చచ్చిందా, కొన్ని ఎగ్గొట్టి చచ్చిందా అని! ఆఖరున తోక నరికి నీళ్లలో పారేస్తారు. రేపొచ్చేవాడు అదే శవానికి మళ్లీ హాజరు వేసేస్తే కొంప మునగదూ?

ఇక లోకల్, నాన్‌లోకల్ పంచాయితీ. హ్యాచరీలో పుట్టిన రెండు చేపలు వాగులో జతకడితే, వాటి పిల్లలు 'సహజ సంతతి' ఖాతాలో జమ. ఒక్క తరంలో స్థానికత! ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో చదివి, ధ్రువపత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మన పిల్లలు ఈ సంగతి వినకుండా చూడండి.

కొలంబియా మీది బోనవిల్ డ్యామ్ దగ్గరైతే, చేపలు డ్యామ్ ఎక్కడానికి కట్టిన మెట్ల పక్కన అద్దాల కిటికీ పెట్టి, దాటే చేపల్ని లెక్కేస్తారు. పైకెక్కిన చేప స్పిల్‌వే (మిగులు నీరు వదిలే దారి) మీంచి కిందికి జారి, మళ్లీ ఎక్కిందనుకోండి, రెండు చేపలు. అభివృద్ధి అంటే ఇదే. పిల్లచేపల్నేమో లారీల్లో, పడవల్లో ఎక్కించి డ్యాములు దాటిస్తారు. నదిలో చేపకు పడవ ప్రయాణం!

ఐడహోలోని రెడ్‌ఫిష్ సరస్సుకు 1992లో తిరిగొచ్చిన సాకై సాల్మన్ ఒక్కటే ఒక్కటి. అదీ మగది. దాదాపు 900 మైళ్లు ఈది, 8 డ్యాములు దాటి వస్తే జంట లేదు. 'లోన్సమ్ లారీ' అని ముద్దుపేరు పెట్టి, వీర్యం తీసి గడ్డకట్టించి, దాన్ని స్టఫ్ చేసి ప్రదర్శనకు పెట్టారు. ఆ ఏటి లెక్కలో మాత్రం వేలెత్తి చూపడానికి తప్పు లేదు.

కొలంబియా మీదే ఉన్న గ్రాండ్ కూలీ డ్యామ్‌కు చేపల మెట్లే కట్టలేదు. అక్కడ పైన దశాబ్దాల పాటు లెక్క మహా సులువు: సున్నా. 1855లో ఒప్పందాలు రాసి, మీ అలవాటు చోట్ల చేపలు పట్టుకునే హక్కు మీదేనని యాకమా, నెజ్ పెర్స్ తదితర ఆదివాసీ తెగలకు మాటిచ్చింది ఎవరు? 1957 మార్చి 10న కొలంబియా మీది ద డాల్స్ డ్యామ్ తలుపులు దించి, వేల ఏళ్లుగా వాళ్లు మంచెల మీద నిలబడి వలలు వేసిన సెలైలో జలపాతాన్ని కొన్ని గంటల్లో ముంచేసింది ఎవరు? మిల్లీమీటరు తీగముక్కను వెతికే కళ్లకు ఆ మనుషులు కనబడలేదా? సిగ్గులేదూ?

ఈ డ్యాముల రోగానికి మందు తెలియక కాదు. అమెరికాలోనే క్లామత్ నది మీద 4 డ్యాములు తీసేశారు. 2024లో పని ముగిసిన కొన్ని వారాలకే పైవాగుల్లో సాల్మన్ కనబడింది. స్నేక్ దిగువ భాగంలో ఉన్నవీ 4 డ్యాములే. వాటిని తీసే సంగతి కనీసం ఆలోచిద్దామని 2023 డిసెంబరులో తెగలతో, రెండు రాష్ట్రాలతో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఒప్పందానికి వచ్చింది. 2025 జూన్‌లో ట్రంప్ ఒక్క సంతకంతో దాని తోక కూడా నరికేశాడు.