నీళ్ళ తగాదా పితామహులకు వందనం

సుమేరు వాళ్ళు లిపి కనిపెట్టారనీ, నగరాలు కట్టారనీ బడి పుస్తకాలు తెగ పొగుడుతాయి. వాళ్ళ అసలు ఘనకార్యాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పక్క ఊరితో నీళ్ళ తగాదా పెట్టుకుని, దాన్ని సుమారు 150 ఏళ్ళు చల్లారకుండా కాపాడటమంటే మాటలా?

ఇప్పటి దక్షిణ ఇరాక్‌లో లగాష్, ఉమ్మా అని రెండు రాజ్యాలు, మధ్యలో మంచి సాగు భూమి. కిష్ రాజు మెసిలిం పెద్దమనిషిగా వచ్చి, కొలిపించి, హద్దు రాయి పాతించి వెళ్ళాడు. ఉమ్మా పాలకుడు ఆ రాయి పీకేశాడు. (కృష్ణా ట్రిబ్యునళ్ళు చూసిన మనకిది కొత్తేమీ కాదు.) తర్వాత లగాష్ రాజు ఎఅన్నాతుం యుద్ధం గెలిచి, శత్రువుల తలలు ఎత్తుకుపోతున్న రాబందుల బొమ్మలతో ఓ శిల చెక్కించి, పొలం దున్నుకోండి కానీ బార్లీ బాకీ కట్టండి అన్నాడు. వాళ్ళు కడితేగా! వడ్డీ మీద వడ్డీ పెరిగి, ఏ పంటతోనూ తీరని అంకె అయి కూర్చుంది. గట్టిగా అడిగితే కాలవ నీళ్ళు మళ్ళించేశారు.

బ్రిటిష్ మ్యూజియంలో లగాష్ వాళ్ళ హద్దు స్తంభం ఒకటుంది. దాని మీద తమ దేవుడు నింగిర్సు పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఉమ్మా దేవుడి పేరు కావాలనే కోడి గీతల్లా గీకారట. ప్రభుత్వ ఉద్యోగి నిబద్ధత అంటే అదీ.

చివరికి లగాష్ రాజు ఎన్మెటెనా, మీ నీళ్ళూ వద్దు మీ గొడవా వద్దని, టైగ్రిస్ నుంచి సొంతంగా పెద్ద కాలవే తవ్వించాడు. సమస్య శాశ్వతంగా పరిష్కారమైంది. ఎంత శాశ్వతంగా అంటే, ఆ ఊటకు భూమిలో నీరు పైకొచ్చి, ఎండకు ఆవిరై, ఉప్పు మిగిలి నేలంతా చౌడు బారిందని జాకబ్సన్, ఆడమ్స్ అనే పరిశోధకులు 1958లో వాదించారు. కాదన్న పండితులూ ఉన్నారు లెండి, ఎక్కడైనా రెండో పార్టీ ఉండాలి కదా.

ఈలోగా, క్రీ.పూ. 2350 ప్రాంతంలో ఉమ్మా రాజు లుగల్‌జగేసి వచ్చి లగాష్ గుళ్ళు తగలబెట్టాడు. దానిపై లగాష్ వారి అధికారిక ప్రకటన దొరికింది: మా రాజు ఉరుకగినా తప్పేమీ లేదు, ఈ పాపం లుగల్‌జగేసి దేవత నిసాబా మెడకే చుట్టుకోవాలి. కొన్నాళ్ళకే అక్కద్ రాజు సర్గోన్ వచ్చి ఆ లుగల్‌జగేసి మెడకే కాడి తగిలించి, నిప్పూరు గుడి వాకిట్లో నిలబెట్టాడు. హద్దు గొడవ అంతటితో సరి, ఎందుకంటే రెండు వైపులూ సర్గోన్‌వే.

ఆ నిసాబా ధాన్య దేవత. పాపం ఆమె మెడకు చుట్టుకుందో లేదో గానీ, ఆ జాకబ్సన్, ఆడమ్స్ లెక్కే చూస్తే, ఒకప్పుడు గోధుమ, బార్లీ దాదాపు సగం సగం పండిన ఆ ప్రాంతంలో క్రీ.పూ. 2100 నాటికి గోధుమ వాటా 2 శాతానికి పడిపోయింది, 1700 నాటికి అదీ లేదు. బార్లీ ఉప్పును కాస్త ఓర్చుకుంటుంది. బీరు కాచేది ఎలాగూ దాంతోనే, కాబట్టి జనం నుంచి పెద్దగా ఆందోళన వచ్చి ఉండదు.