కుర్చీ కదలని ఒకే ఒక్క ఉద్యోగి

ఇది 2025 ఆగస్టు రెండో వారంలో, సీజన్ మొదలయ్యే ముందు రాసిన మాట. గత ఏడాదిన్నరగా మనం అభిమానించే ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌లో ఎవరి ఉద్యోగం ఉంటుందో, ఎవరిది ఊడుతుందో ఎవరికీ తెలియదు. కోచ్ పోయారు, స్పోర్టింగ్ డైరెక్టర్ పోయారు, క్యాంటీన్‌లో భోజనం కూడా పోయింది. ఇంత జరిగినా కుర్చీ కదలని ఉద్యోగి ఒక్కరే. పేరు ‘వచ్చే సీజన్’. 2013లో ఏళ్ల తరబడి కోచ్‌గా ఉన్న సర్ అలెక్స్ ఫెర్గూసన్ రిటైరైనప్పుడు డ్యూటీలో చేరింది. అప్పటి నుంచి సెలవు పెట్టలేదు, మోకాలు పట్టేసిందనలేదు, ఏజెంటును పంపి జీతం పెంచమనలేదు. క్లబ్‌లో ఎవరికి చేతకాని పనైనా చివరికి ఆ ఫైలు దీని బల్ల మీదికే చేరుతుంది.

అలాంటి ఉద్యోగి గురించి కాస్త గంభీరంగా మాట్లాడుకోవడం మన బాధ్యత. టైమ్ కూడా ఎక్కువ లేదు. ఆగస్టు 17న మన సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆర్సెనల్‌తో తొలి మ్యాచ్. రిఫరీ ఈల ఊదిన క్షణం నుంచి 2025–26 ‘వచ్చే సీజన్’ కాదు, ‘ఈ సీజన్’ అయిపోతుంది. ‘ఈ సీజన్’లతో మనకున్న అనుభవం అంత బాగా లేదు.

ముందు గత ఏడాది వేసిన పునాది చూద్దాం. 38 లీగ్ మ్యాచ్‌లు, 18 ఓటములు, 44 గోల్స్, 42 పాయింట్లు, 15వ స్థానం. 1973–74లో రెండో డివిజన్‌కు జారిపోయిన తర్వాత ఇంత కింద ఎప్పుడూ లేం. గిట్టనివాళ్లు దీన్ని పతనం అంటారు. పునాది అన్నాక కిందికే తవ్వాలి. పైకి తవ్వేవాళ్లను ఎక్కడైనా చూశామా?

యూరప్ క్లబ్బుల రెండో స్థాయి టోర్నీ అయిన యూరోపా లీగ్ ఫైనల్ విషయంలో కూడా క్లబ్ దూరదృష్టి జనానికి అర్థం కాలేదు. లీగ్‌లో 17వ స్థానంతో సరిపెట్టుకున్న టోటెన్‌హామ్, 15తో సరిపెట్టుకున్న మనం స్పెయిన్‌లోని బిల్బావోలో తలపడ్డాం. గెలిచినవాళ్లకు యూరప్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో బెర్తు, ఓడినవాళ్లకు యూరప్‌లో అసలు ఆటే లేదు. అప్పటికే ఆ సీజన్‌లో టోటెన్‌హామ్ చేతిలో మూడుసార్లు ఓడి ఉన్నాం కాబట్టి వాళ్ల ఎత్తులన్నీ మనకు కంఠతా వచ్చు. నాలుగోసారి 0–1తో ఓడాం. ఫలితంగా మంగళ, బుధ, గురువారాలన్నీ ఖాళీ. ఇప్పుడు నిపుణులు ఇదే మన పెద్ద బలం అంటున్నారు. వారానికి ఒక మ్యాచ్, కాళ్లకు విశ్రాంతి, కోచ్‌కు తీరిక. లివర్‌పూల్, ఆర్సెనల్, మాంచెస్టర్ సిటీ పాపం వారం మధ్యలో కూడా యూరప్ అంతా తిరిగి చావాలి.

అలాగైతే ఇంకా కిందికి పోయి ఉంటే ఇంకా విశ్రాంతి దొరికేది కదా అని కొందరు అమాయకులు అడగొచ్చు. దొరకదు. చివరి మూడు స్థానాల్లో పడితే కింది డివిజన్‌లో 46 లీగ్ మ్యాచ్‌లు ఆడాలి. అందుకే క్లబ్ ఆచితూచి 15 దగ్గర ఆగింది. ప్లానింగ్ అంటే ఇదీ.

ఇక డబ్బు సంగతి. 2024 ఫిబ్రవరిలో 27.7 శాతం వాటా కొని ఆట వ్యవహారాలు చేతికి తీసుకున్న సర్ జిమ్ ర్యాట్‌క్లిఫ్, ఖర్చులు తగ్గించకపోయి ఉంటే 2025 క్రిస్మస్‌కల్లా ఖజానా ఖాళీ అయ్యేదని ఆ ఏడాది మార్చిలో చెప్పారు. రోగం ఎక్కడుందో కూడా ఆయనే కనిపెట్టారు. మధ్యాహ్న భోజనంలో ఉంది. మొదట దాదాపు 250 మందిని ఇంటికి పంపారు, తర్వాత ఇంకో 200 మంది దాకా తగ్గిస్తామన్నారు. మిగిలినవారికి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఉచిత భోజనం ఆపి పండ్లు పెట్టారు. కారింగ్టన్ శిక్షణ కేంద్రంలో ఆటగాళ్ల భోజనం ఆటగాళ్లదే, మిగతా సిబ్బందికి సూప్, బ్రెడ్ అని వార్తలొచ్చాయి.

ఒక్కసారి ఆ అకౌంట్స్ సెక్షన్‌ను ఊహించుకోండి. ఒకాయన అరటిపండు సగం ఒలిచి పక్కన పెట్టి, 6 కోట్ల 25 లక్షల పౌండ్ల కాగితం మీద సంతకం పెడుతున్నాడు. ఆటగాడు మాథియస్ కున్యా కోసం వుల్వ్స్ క్లబ్‌కు కట్టాల్సిన సొమ్ము అది. ఒక ముక్క కొరికాడో లేదో, బ్రయాన్ ఎంబ్యూమో కోసం బ్రెంట్‌ఫర్డ్‌కు ఆరున్నర కోట్లు, బోనస్‌లు వేరే. తొక్క చెత్తబుట్టలో పడేసి వచ్చేసరికి బల్ల మీద స్ట్రైకర్ బెంజమిన్ సెస్కో కాగితాలు, జర్మనీ క్లబ్ లైప్‌జిగ్‌కు ఇంకో 6 కోట్ల 64 లక్షలు. మొత్తం 19 కోట్లు దాటింది. సూప్‌లో ఇంత మిగులుతుందని ఇన్నాళ్లూ ఎవరికీ తట్టకపోవడం విచిత్రం.

వుల్వ్స్ సంగతి కూడా చెప్పుకోవాలి. గత సీజన్‌లో వాళ్లవీ 42 పాయింట్లే. గోల్స్ తేడాలో వెనకబడి 16వ స్థానంలో నిలిచారు. అంటే మనకంటే సరిగ్గా ఒక మెట్టు కింద ఉన్నవాళ్ల దగ్గర బాగా ఆడేవాణ్ని లాక్కున్నాం. ఎవరైనా అలా ఒక్కో మెట్టే ఎదగాలి. నిజం చెప్పాలంటే ఈ కొనుగోళ్లు నాకూ నచ్చాయి. లీగ్‌లో కున్యా 15, ఎంబ్యూమో 20 గోల్స్ కొట్టారు. ఇద్దరివీ కలిపితే 35, మన జట్టు మొత్తం కలిసి కొట్టింది 44. బంతిని మధ్యలోంచి వీళ్ల దాకా చేర్చేదెవరు అన్న చిన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. మిడ్‌ఫీల్డ్‌కు ఇంతవరకు ఎవర్నీ కొనలేదు. ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఉందో మీకు తెలుసు.

కోచ్ రూబెన్ అమోరిమ్ లెక్క మరీ ముచ్చటైనది. 2024 నవంబరులో వచ్చాక 27 లీగ్ మ్యాచ్‌ల్లో 27 పాయింట్లు. మ్యాచ్‌కొకటి చొప్పున, వడ్డీ లేదు, తరుగు లేదు. క్లబ్ చరిత్రలోనే బహుశా అతి చెత్త జట్టు మాదేనని ఆయన జనవరిలో అన్నారు. మేలో చివరి మ్యాచ్ అయ్యాక మైకు పట్టుకుని మంచి రోజులు వస్తున్నాయన్నారు. రెండు మాటలకూ మధ్య నాలుగు నెలలే తేడా, జట్టు మాత్రం అదే.

మంచి రోజులకు ఆధారాలు లేకపోలేదు. ఈ వేసవిలో అమెరికా వెళ్లి వెస్ట్ హామ్‌ను 2–1తో, బోర్న్‌మత్‌ను 4–1తో ఓడించి, ఎవర్టన్‌తో 2–2గా ముగించి సమ్మర్ సిరీస్ అనే సన్నాహక టోర్నీ కప్పు ఎత్తుకొచ్చాం. ఒక్క ఓటమీ లేదు. మేలో కౌలాలంపూర్‌లో ఆగ్నేయాసియా దేశాల ఉమ్మడి జట్టు చేతిలో 0–1తో ఓడిన సంగతి తవ్వేవాళ్లు ఉంటారు. అది పాత సీజన్ ఖాతాలోది, దీనికి సంబంధం లేదు.

అయితే అమోరిమ్ ఒక విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడ ఓటములకంటే శుభవార్తలతోనే ప్రమాదం. పాత కోచ్‌లనే చూడండి, మోయెస్‌కు ఆరేళ్ల కాంట్రాక్టు ఇచ్చి పది నెలలు నిండకుండానే పంపించారు. వాన్ హాల్ 2016లో ఎఫ్‌ఏ కప్ గెలిచిన రెండు రోజులకే ఇంటికెళ్లారు. టెన్ హాగ్ 2024లో అదే కప్పూ గెలిచి, కాంట్రాక్టూ పొడిగించుకుని ఆ అక్టోబరుకే మాజీ అయ్యారు. స్పోర్టింగ్ డైరెక్టర్ డాన్ యాష్‌వర్త్‌ను పాత క్లబ్ వదిలేదాకా ఐదు నెలలు కాచుకుని తెచ్చుకున్నారు, తీరా వచ్చాక ఐదు నెలలకే సాగనంపారు. కాబట్టి ఎవరైనా నవ్వుతూ పెన్ను చేతికిస్తే అమోరిమ్ అక్కణ్నుంచి లేచి వచ్చేయడమే క్షేమం.

2028లో క్లబ్‌కు 150 ఏళ్లు నిండుతాయి. అప్పటికి లీగ్ టైటిల్ గెలవాలని పై అధికారుల సంకల్పం. ఆలూ లేదు చూలూ లేదు అనుకోకండి, సోమలింగానికి ఉయ్యాల కూడా ఆర్డరిచ్చేశారు. లక్ష సీట్ల కొత్త స్టేడియం, ఖర్చు సుమారు 200 కోట్ల పౌండ్లు, డిజైన్ నార్మన్ ఫాస్టర్ సంస్థది. స్టేడియం మొత్తం ఒక పెద్ద గొడుగు కింద ఉంటుందట, ఆ గొడుగు వాన నీటిని ఒడిసి పడుతుందట. ఇందులో కొత్తేముందో నాకు అర్థం కాలేదు. ఇప్పుడున్న ఓల్డ్ ట్రాఫర్డ్ ఆ పని ఉచితంగానే చేస్తోంది. 2024 మేలో పైకప్పు మీంచి నీళ్లు జలపాతంలా స్టాండ్లలోకి దూకడం లోకమంతా చూసింది. ఆ రోజు ప్రత్యర్థి ఆర్సెనల్, 0–1తో ఓడాం.

ఆగస్టు 17న వచ్చేదీ ఆ ఆర్సెనలే, పైకప్పూ అదే పైకప్పు. గొడుగు తెరుచుకోవడానికి ఎంత లేదన్నా ఐదేళ్లు పడుతుందంటున్నారు కాబట్టి, మ్యాచ్‌కు వెళ్లేవారు రెయిన్‌కోటు వేసుకుని వెళ్లండి.