ఎదురు కూలి

జనవరి 26 మన దేశానికీ సెలవే, ఆస్ట్రేలియాకీ సెలవే. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అబ్బాయి ఆ పూట మమ్మల్ని మార్నింగ్టన్ పెనిన్సులా చూపిస్తానన్నాడు. "మూడువైపులా సముద్రమే నాన్నా" అని ఊరించాడు. నేను కోనసీమ వాణ్ణి. అటు గౌతమి, ఇటు వసిష్ఠ, కింద బంగాళాఖాతం. వరదొస్తే నీళ్ళు వంటింట్లోనూ చూశాను. అయినా పిల్లవాడి సరదా ఎందుకు కాదనాలని పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో కాఫీ సర్దుకుని కారెక్కాం.

ముందు స్ట్రాబెర్రీ తోట. మా నాన్న కోతల రోజుల్లో తెల్లారకముందే కూలీల ఇళ్ళకి వెళ్ళి బతిమాలేవాడు. కూలిచ్చి, మజ్జిగిచ్చి, ఒక మాట పడి మరీ పంట ఇంటికి చేర్చేవాడు. పాపం, ఆయనకి వ్యాపారం తెలియలేదు. ఇక్కడి ఆసామి రోడ్డు పక్కన ఒక బోర్డు పెట్టి ఊరుకున్నాడు. కూలీలే కార్లేసుకొచ్చి, పార్కింగ్ వెతుక్కుని, క్యూలో నిలబడి, డబ్బిచ్చి లోపలికెళ్ళి నడుం వంచుతున్నారు. క్యూలో మా ముందూ వెనకా తెలుగే. ఇంట్లో పెరటి బెండకాయ ఏనాడూ కోసి ఎరగని మా వాడు మిట్టమధ్యాహ్నం ఎండలో గంటసేపు వంగి పళ్ళు కోశాడు. కన్యాశుల్కం తెలుసు, ఎదురు కట్నం తెలుసు. ఎదురు కూలి చూడ్డం ఇదే మొదలు.

అక్కణ్ణుంచి ఆర్థర్స్ సీట్ అనే కొండ. ఎత్తు 300 మీటర్ల చిల్లర. ఏడుకొండలూ మోకాళ్ళు పట్టుకుని నడిచెక్కిన మా ఆవిడ, తీగల మీద వేలాడే పెట్టెకి టిక్కెట్టు ధర విని, "పైన దేవుడున్నాడా?" అంది. లేడన్నాడు మా వాడు. ఆవిడ కిందే కూర్చుంది.

మౌంట్ మార్తా దగ్గర ఇసుకలో వరసగా రంగురంగుల చెక్క గదులున్నాయి. బట్టలు మార్చుకోవడానికట. లోపల కరెంటు లేదు, కుళాయి లేదు, రాత్రి పడుకోకూడదు, కింద నేల ప్రభుత్వానిది. ధర లక్షల డాలర్లలో ఉంటుందట. మన దగ్గర ఇలాంటి పాకలో ఉన్నవాడు పక్కా ఇల్లు ఇప్పించమని అర్జీ పెట్టుకుంటాడు.

ఇక చరిత్ర. ద్వీపకల్పం కొసన పాయింట్ నెపియన్ ఉంది, దాని దగ్గరే సొరెంటో. 1803లో కాలిన్స్ దొర ఖైదీల్ని వెంటేసుకుని సొరెంటో పక్కన వలస పెట్టబోయాడు. మంచినీళ్ళు చాలడం లేదని మరుసటి ఏడాదే టాస్మానియాకి సర్దేశాడు. అదే నేల మీద వేల ఏళ్ళుగా కాపురముంటున్న బూన్‌వురుంగ్ వాళ్ళు ఏం తాగుతున్నారో కనుక్కుందామని ఆయనకి తోచినట్టు లేదు. 1852లో టైకాండరోగా అనే ఓడ టైఫస్ జ్వరాలతో వచ్చింది. దారిలోనే వందమంది దాకా పోయారు. మిగిలినవాళ్ళని దించి, ఇక్కడ క్వారంటైన్ స్టేషన్ పెట్టారు. ఇప్పుడు ఆ పచ్చిక మీద జనం దుప్పట్లు పరుచుకుని తింటున్నారు. మేమూ తిన్నాం. విమానం దిగిన చోటే కరివేపాకు పొట్లం చెత్తబుట్ట పాలైంది కాబట్టి, క్వారంటైన్ అంటే ఏమిటో మా ఆవిడకి ఏ బోర్డూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ కొసనే కోట. 1914 ఆగస్టు 5న, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున తొలి గుండు ఇక్కణ్ణుంచే పేలింది. ఫాల్జ్ అనే జర్మన్ ఓడ ముక్కుకి అడ్డంగా పడేసరికి అది తోక ముడిచింది. రెండో యుద్ధానికీ ఆస్ట్రేలియా తొలి గుండు ఇక్కడిదే, 1939 సెప్టెంబరు 4న. కాకపోతే ఈసారి వొనియోరా అనే సొంత దేశపు ఓడ మీదికి. ఎవరివని అడిగితే సరిగ్గా చెప్పలేదట. రెండూ ఘనకార్యాలే. వేరువేరుగా చూడ్డం మర్యాద కాదు.

పక్కనే షెవియట్ బీచ్. 1887లో మునిగిన ఓడ పేరే దానికి పెట్టారు, అంటే ముందే హెచ్చరించారన్నమాట. 1967 డిసెంబరు 17న ప్రధానమంత్రి హెరాల్డ్ హోల్ట్ ఇక్కడ ఈతకి దిగారు. మళ్ళీ కనబడలేదు, శవమూ దొరకలేదు. మనమైతే ఎయిర్‌పోర్టుకో ఫ్లైఓవర్‌కో ఆయన పేరు పెట్టి చేతులు దులుపుకునేవాళ్ళం. వీళ్ళు శ్రద్ధగా ఆలోచించి మెల్‌బోర్న్‌లో ఒక ఈతకొలనుకి పెట్టారు.

ఇదంతా చూశాక మన పర్యాటక పెద్దలకి సవినయంగా మనవి చేసుకునేది ఒకటే. కోనసీమలో వరినాట్లు మొదలయ్యే వేళకి టిక్కెట్లు కొట్టించండి. మనిషికి వెయ్యి. బురద ఉచితం, జలగ కరిస్తే అదనం. మా తాత చాకిరీ చేసిన గట్టు మీద "వారసత్వ నడక" అని బోర్డు పెట్టించండి. ఆ చాకిరీ తప్పించుకోవడానికే మమ్మల్ని చదివించాడన్న సంగతి బోర్డు మీద వేయకండి, గిరాకీ పోతుంది.

వచ్చేవారం డ్రొమానా నుంచి కేప్ షాంక్ లైట్‌హౌస్ దాకా 26 కిలోమీటర్లు నడుద్దామంటున్నాడు మా వాడు. బస్సు లేదా అనడిగితే నవ్వుతున్నాడు.

రాత్రి మా ఆవిడ అమలాపురంలో ఉన్న వాళ్ళక్కకి ఫోన్ చేసింది. ఇవాళ ఏం చేశారే అనడిగిందావిడ.

"పొలం పనికెళ్ళొచ్చాం అక్కా. అబ్బాయి, కోడలు, అందరం."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఎప్పుడు పోయిందే వాడి ఉద్యోగం?" అంది.